హైదరాబాదు నుండి మదరాసుకు: గగనమార్గమున దూరము, కాలము

హైదరాబాదు నుండి మదరాసు ఎంత దూరమని మన యిండ్లలో పెద్దల నడిగినచో, కిలోమీటర్ల లెక్క చెప్పువారు అరుదు. "ఒక రాత్రి ప్రయాణము" అనుటయే వాడుక. దూరమును కాలముతో కొలుచుట మనకు పాత అలవాటు. విమానము ఆ కొలతను ఎంతవరకు మార్చినదో శ్రోతలకు విన్నవింప దలచితిమి.

రైలుబాట కాజీపేట, విజయవాడ, గూడూరుల మీదుగా తిరిగి సుమారు 790 కిలోమీటర్లగును. బేగంపేట విమానాశ్రయము నుండి మీనంబాకము విమానాశ్రయమునకు తిన్నగా పోయినచో సుమారు 525 కిలోమీటర్లే. నదులకు వంతెనలు, కొండలకు మలుపులు అక్కఱలేని త్రోవ యగుటచే మూడవవంతు దూరము అక్కడనే తగ్గినది.

నిజాం ప్రభుత్వము వారు, టాటావారు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థను నెలకొల్పిరి. 1946 నుండి ఆ సంస్థ డకోటాలు బేగంపేట కేంద్రముగా నడచినవి. డకోటా గంటకు సుమారు 260 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కను మదరాసుకు రెండు గంటలు. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో మరి 20 నిమిషములకు పైగా ఆలస్యమగును. దూరము మారకున్నను కాలము మారుట కిది యొక కారణము.

1953లో విమానసంస్థలు జాతీయము చేయబడి, దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. అటుపిమ్మట జెట్ విమానములు వచ్చినవి. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్‌కు ఈ దూరము 40 నిమిషముల పని. అయినను కాలపట్టికలు గంటకు పైగానే చూపుచున్నవి. పరుగుబాట చేరుటకు, పైకెగయుటకు, దిగుటకు, దిగుటకై వంతు వేచియుండుటకు పట్టు కాలము విమాన వేగముతో పాటు తగ్గునది కాదు. దగ్గరి ఊళ్ల ప్రయాణములో ఈ భాగమే ఎక్కువ. అందుచేతనే వేగము మూడింతలైనను కాలము మూడవవంతునకు దిగలేదు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి శంషాబాదుకు తరలినవి. శంషాబాదు నగరమునకు దక్షిణమున నున్నది గనుక మదరాసుకు ఆకాశమున సుమారు 20 కిలోమీటర్లు దగ్గరయ్యెను. సికింద్రాబాదు వాసికి మాత్రము నేలమీద అంతకు మించిన దూరము పెరిగినది. మదరాసు 1996లో చెన్నై అయినది. పేరు మారినను ఈ లెక్క మారలేదు.

తల్లికి జబ్బు చేసినదను కబురు విని బయలుదేరు కుమారునికి గాలిలో గడచు గంటతో పని తీరదు. మన గుమ్మము నుండి ఆమె మంచము వరకు పట్టు కాలమే అతనికి ప్రయాణకాలము. రాత్రి పొడుగునను సాగు రైలుకన్న విమానము నేటికిని మేలే. కాని దాని వేగమును నమ్మి ఇల్లు ఆలస్యముగా వెడలినవారికి ఆ మేలు దక్కదు. టిక్కెట్టుపై నున్న కాలమునకు ఇరువైపుల నేలమీది కాలమును కలుపుకొని బయలుదేరుడని మా మనవి.