"వయసైపోయింది కదండీ": ఒక మాటకు వ్యాఖ్యానం

"మాత్ర మొదలెట్టాక మామ్మగారు బిగుసుకుపోయారండి. కుదురుగా కూర్చోరు, ఓ పక్కకి ఒరిగిపోతన్నారు. వయసైపోయింది కదండీ." కొత్తపేట వైపు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో వినిపించే తీరు మాట ఇది. ఇందులో చివరి ముక్క తప్ప అన్నీ నిజాలే.

మాత్ర: రాత్రిళ్లు అరుస్తున్నారనీ, కొట్టబోతున్నారనీ చెబితే రాసే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి. ఇంట్లో నిద్రమాత్ర అనుకుంటారు, కాదు. మెదడులో డోపమైన్ పనిని ఇవి అడ్డుకుంటాయి. భ్రమలు తగ్గేదీ, కదలికలు చెడేదీ అందువల్లే. డిమెన్షియా రోగుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందులపైన, 2008లో పాతవాటిపైనా హెచ్చరిక వేయించింది.

బిగుసుకుపోయారు: అడుగు చిన్నదవుతుంది, నడకలో చేతులు ఊగవు, ముద్ద మింగుడుపడదు. అచ్చం పార్కిన్సన్ జబ్బే అనిపిస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో బయటపడుతుంది. లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లకైతే కొద్ది మోతాదే ప్రాణం మీదికి తేవచ్చు. ఆ రకం డిమెన్షియా కావచ్చు కాబట్టి, లేని మనుషులు కనబడుతున్నారంటే, ముందే వణుకు ఉంటే, మాత్ర రాయకముందే డాక్టరుకు చెప్పండి.

కుదురుగా కూర్చోరు: అన్నిటికన్నా అన్యాయం ఇక్కడే జరుగుతుంది. దీన్ని అకతీసియా అంటారు. కాళ్లు నిలవనివ్వని తహతహ. లేస్తారు, నాలుగడుగులు వేస్తారు, కూర్చుంటారు, మళ్లీ లేస్తారు. మతి సరిగా ఉన్న మనిషి ఆ బాధ నోటితో చెప్పుకుంటారు. ఈమె చెప్పుకోలేరు. చూసేవాళ్లు జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచమని అడుగుతారు. పెంచితే ఆ తహతహా పెరుగుతుంది.

ఓ పక్కకి ఒరిగిపోతన్నారు: స్వీడన్ వైద్యుడు ఎక్బామ్ 1972లో వర్ణించిన పీసా సిండ్రోమ్. ఆయన మొదట చూసింది ఈ రకం మందులు వాడుతున్న డిమెన్షియా రోగుల్లోనే. దిండు ఆనించి నిలబెట్టినా మళ్లీ అటే వాలతారు, పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మతిమరుపుకిచ్చే డొనెపెజిల్ వల్లా ఇది రావచ్చు.

వయసైపోయింది కదండీ: వయసు వారాల్లో మనిషిని ఒరగబెట్టదు. మాత్ర ఏ తేదీన మొదలైందో, మార్పు ఎప్పుడు కనబడిందో రాసిపెట్టుకోండి. నడకను ఫోన్లో వీడియో తీయండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్‌ కూడా ఇలాగే చేస్తుంది కాబట్టి ఇంట్లో ఉన్న అట్టలన్నీ డాక్టరు ముందు పెట్టండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. బిగుసుకుపోవడానికి విరుగుడని ట్రైహెక్సిఫెనిడిల్ కొని వేయొద్దు, అది మతిని ఇంకా చెదరగొడుతుంది. "ఈ మాత్ర తగ్గించవచ్చా, ఇంకా అవసరమా?" అని డాక్టరుగారిని తప్పకుండా అడగండి.