అప్పుచేసి ఊరు కట్టిన మేయరు



నేడు నేను ప్రసంగింపనున్నది ఆంగ్లదేశమునందలి యొక నగరము కథ. సముద్రముల కావలనున్న ఊరితో మనకేమి పని యని మీలో కొందరు తలంపవచ్చును. పంచాయతీ సభలో మంచినీటి కుళాయిలకు పన్ను వేయవలెనని యొకరు ప్రతిపాదింపగనే, "బావులుండగా కుళాయిలెందులకు? ఈ పన్ను కట్టువారెవరు?" అని మరియొకరు లేచుట మీరెల్లరు నెఱిగినదే. ఇదే వాదము నూటయేబది సంవత్సరములకు పూర్వము బర్మింగుహాము పట్టణమున జరిగెను. అచ్చట నెవరు గెలిచిరి, గెలిచిన పిమ్మట నెవరికి లాభించెను, ఎవరికి నష్టము వాటిల్లెను అను సంగతులను మీకు మనవి చేయుదును.

బర్మింగుహాము ఇంగ్లాండునకు నడుబొడ్డున నున్నది. దానికి రేవు లేదు, చెప్పుకోదగిన నది లేదు. ఇనుము, ఇత్తడి పనులచేతనే యది బ్రదికినది. తుపాకులు, బొత్తాములు, మరమేకులు, ఉక్కుపాళీలు అచ్చట తయారై దేశదేశములకు బోయెడివి. ఆనాడు లోకమున వాడిన ఉక్కుపాళీలలో పెద్దభాగ మా యూరివే. మన తాతలు గంటము విడిచి చేతబట్టిన పాళీలును చాలవరకు అచ్చటివే యై యుండును. 1838లో దానికి పురపాలక సంఘమేర్పడెను. 1871 జనాభా లెక్కలనాటికి అందు మూడులక్షల నలుబదివేలకు పైగా ప్రజలుండిరి.

ఇంత పెద్ద యూరిని పాలించు కౌన్సిలు సభ్యులు చాలకాలము ఒక మద్యపు అంగడిలో గూడి పనులు నిర్ణయించుకొనెడివారు. దాని పేరు 'వుడ్‌మన్'. వారిలో ముఖ్యుడు జోసెఫ్ ఆల్డే యనువాడు. ఖర్చు తగ్గించుట, పన్ను పెంచకుండుట, ఈ రెండే వారి పక్షమునకు రాజనీతి. 1857లో నగర సర్వేయరునే తొలగించిరి. మురుగుకాలువల పని కుంటుపడెను. చరిత్రకారు లీ పక్షమును మిక్కిలి యెగతాళి చేసియున్నారు. నేను వారితో పూర్తిగా నేకీభవింపజాలను. పన్ను కట్టువారిలో పెక్కుమంది చిన్న దుకాణదారులు, చేతిపనివారు. ఒకయేడు పనులు మందగించినచో పన్ను వారికి పిడుగువంటిది. వారి భయము బుద్ధిలేని భయము గాదు. కాని మురుగునకు పొదుపు తెలియదు. కాలువ కట్టకున్నచో నది బావిలోనికి దిగును.

ఈ స్థితిలో నా యూరి ప్రార్థనామందిరములలో నొక క్రొత్తమాట వినవచ్చెను. జార్జి డాసన్, ఆర్. డబ్ల్యు. డేల్ అను ఉపదేశకులు, పట్టణమును చక్కగా పాలించుట గూడ దైవకార్యమే యనియు, విద్యావంతులును ధనికులును కౌన్సిలును ఈసడించి దూరముగా నుండుట దోషమనియు బోధింప మొదలిడిరి. పెద్ద ఫ్యాక్టరీల యజమానులు కౌన్సిలు ఎన్నికలకు నిలువజొచ్చిరి. అట్లు వచ్చినవారిలో జోసెఫ్ చేంబర్లేన్ ఒకడు.

చేంబర్లేన్ లండనువాడు. 1836లో జనించెను. తండ్రిది పాదరక్షల వ్యాపారము. మేనమామ వరుసవారైన నెటిల్‌ఫోల్డులు బర్మింగుహామున మరమేకుల కార్ఖానా నడుపుచుండిరి. మొనదేలిన మరమేకులను చేయు అమెరికా యంత్రమునకు హక్కు గొనుటకై తండ్రి యందు ధనము పెట్టి, దానిని కనిపెట్టియుండుటకు 1854లో పదునెనిమిదేండ్ల కుమారుని పంపెను. ఆ కుర్రవాడు ఇరువది సంవత్సరములలో ఆ కంపెనీని దేశమున సాటిలేనిదానినిగా జేసెను. ఒంటికంటి అద్దము, కోటునకు ఆర్కిడ్ పువ్వు, మాటలో పదును, ఇవి యాతని గురుతులు. బాలురందరికిని విద్య నేర్పవలెనను ఉద్యమమున ముందు పేరొందెను. 1869లో కౌన్సిలున బ్రవేశించెను. 1873 నవంబరులో మేయరయ్యెను. అప్పటికి ముప్పదియేడేండ్లు. మరుసటి సంవత్సరమే వ్యాపారమునుండి విరమించుకొని, కాలమంతయు నగరమునకే వినియోగించెను.

ఎన్నికల ఏర్పాటు సంగతియు చెప్పవలెను. లిబరలు పక్షమువారు ప్రతి వార్డులో సంఘములు పెట్టి, ఎవరు నిలువవలెనో, ఎవరికి వోటు వేయవలెనో ముందుగనే నిర్ణయించి నడపించుచుండిరి. ఇది ప్రజాస్వామ్యమని వారనిరి. ముఠారాజకీయమని ఎదిరిపక్షమువారనిరి. రెండును కొంత నిజమే. క్రమశిక్షణ గల పక్షము వెనుక లేకున్నచో చేంబర్లేన్ తలపెట్టిన పనులలో నొక్కటియు కౌన్సిలున నెగ్గియుండదు.

మొదటిపని గ్యాసు. అప్పటికి విద్యుద్దీపములు లేవు. వీధులకును ఇండ్లకును బొగ్గునుండి తీసిన గ్యాసుతోనే వెలుతురు. దానిని రెండు ప్రైవేటు కంపెనీలు సరఫరా చేయుచుండెను. ఒకే వీధిని ఒకమారు ఒకరు, మరియొకమారు వేరొకరు త్రవ్వి గొట్టములు వేసెడివారు. చేంబర్లేన్ ఆ రెంటిని పురపాలక సంఘమే కొనవలెనని 1874 జనవరిలో కౌన్సిలు ముందు పెట్టెను. ధర దాదాపు ఇరువది లక్షల పౌనులు. అప్పటికి నగరమునకున్న అప్పులకు తోడిది. సామాన్యునకు గుండె ఝల్లుమనదగిన మొత్తమే.

ఇచ్చట నాతని వర్తకబుద్ధి పని చేసెను. ఆ కాలపు చట్టము గ్యాసు కంపెనీలు తమ వాటాదారులకు నూటికి పదివంతున లాభము పంచుకొనుట కనుమతించుచుండెను. నగరమో, పన్నుల రాబడి తనఖాగా నుండుటచే, నూటికి నాలుగు ప్రాంతమున అప్పు పొందగలదు. మన గ్రామములలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతును, సహకారసంఘమున తక్కువ వడ్డీకి పొందిన రైతును ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. భూమి యొకటే, పంట యొకటే, మిగులు వేఱు. ఆ భేదమునే చేంబర్లేన్ నగరమునకు మిగులు చేయదలంచెను. కౌన్సిలు మిక్కిలి యధికసంఖ్యతో నంగీకరించెను. 1875లో పార్లమెంటు చట్టమయ్యెను. తొలియేటనే ముప్పదినాలుగువేల పౌనులు మిగిలెను. పిమ్మట గ్యాసు ధరయు తగ్గెను.

ఈ మిగులును గూర్చి ముచ్చటయైన సంగతి యొకటి కలదు. గ్రంథాలయములకును చిత్రశాలలకును పన్నులనుండి వ్యయము చేయుటకు చట్టము చాల తక్కువ పరిమితి పెట్టెను. నగరపువారు గ్యాసుశాఖకు కార్యాలయము కట్టుకొనుచు, దానిపై నంతస్తున చిత్రశాలను నెలకొల్పిరి! 1885లో దానిని తెఱచిరి. నేటికిని అది ప్రసిద్ధ చిత్రశాలయే.

రెండవపని నీరు. జనులలో దాదాపు సగము బావినీటిపై నాధారపడియుండిరి. ఆ బావులలో పెక్కింటిలోనికి మరుగుదొడ్ల యూట దిగుచుండెను. నీటి కంపెనీని పదుమూడున్నర లక్షల పౌనులకు కొని, 1876 జనవరి మొదటి తేదీ నుండి నగరము తన వశము గావించుకొనెను. గమనింపదగిన దిచ్చటనే యున్నది. గ్యాసున లాభము తీయవచ్చుననిన చేంబర్లేనే నీటియందు లాభము కూడదనెను. మిగులు వచ్చినచో నీటిధర తగ్గింపవలెనే కాని ఖజానాకు చేర్పగూడదనెను. వెలుతురు సౌకర్యము, నీరు ప్రాణము అని యాతని భావము. ఒకే మనిషి ఒకే సంవత్సరమున రెండు కంపెనీలను రెండు ధర్మములతో చూచుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. మన పంచాయతీలలో సంత వేలమునకును, చెరువు నీటికిని ఒకే లెక్క వేయువారున్నారు.

మూడవపని వీధులు. దీనియందే నాకు సందేహములు గలవు.

నగరమధ్యమున ఇరుకు సందులు, గాలిలేని పెరళ్లు, వెనుకకు వెనుక యంటియున్న యిండ్లు క్రిక్కిరిసియుండెను. ధనికులు వసించు ఎడ్జ్‌బాస్టనుతో పోల్చినచో అచ్చట మరణములు రెట్టింపునకు పైగా నుండెను. 1875లో పార్లమెంటు చేసిన కార్మికగృహముల చట్టము అట్టి పేటలను కొని పడగొట్టుటకు నగరములకు హక్కిచ్చెను. చేంబర్లేన్ వెంటనే దానిని చేపట్టెను. తాను స్వయముగా పదివేల పౌనులు ముందు పెట్టెను. నలుబది యెకరములకు పైగా భూమిని కొని, 1878 నుండి మధ్యగా విశాలమైన రాజవీధి నొకదానిని తీయించిరి. దాని పేరు కార్పొరేషన్ వీధి. ఇరువైపుల స్థలములను అమ్మక, డెబ్బదియైదేండ్ల కౌలున కిచ్చిరి. కౌలు తీరిన పిమ్మట భూమియు, దానిపై కట్టడములును నగరమునకే చెందవలెనని యేర్పాటు. మనుమల కాలమున ఊరికి వచ్చు రాబడిని తాతల కాలమున లెక్కించుట సామాన్యముగాదు.

బాగుగనే యున్నది. కాని ఆ సందులలోని పేదలేమైరి? చట్టము పేరు కార్మికగృహముల చట్టమైనను, అచ్చట లేచినవి దుకాణములు, కచ్చేరీలు, హోటళ్లు. వెడలగొట్టబడిన కుటుంబములకు బదులిండ్లు కట్టుట చిరకాలము జరుగలేదు. 1890లో రైడర్ వీధిని 22 చిన్నయిండ్లు కట్టి, అదియే ప్రారంభమనిరి. వారు ప్రక్కపేటలకు పోయి, అచ్చటి యిరుకును మరింత యిరుకు గావించిరి. బాగుచేసిన వీధులలో మరణములు సగమునకు పైగా తగ్గెనని చేంబర్లేన్ పక్షమువారు గర్వముతో చెప్పిరి. చచ్చువారిని పంపివేసిన పిమ్మట చావులు తగ్గుట యేమి వింత? ఈ లెక్క నెత్తిచూపినవారు ఆ కాలముననే యుండిరి. పట్టణములను బాగుచేయ బూనిన ప్రతి మేయరును ఈ ప్రశ్న వెంబడించుచునేయున్నది.

1875లో చేంబర్లేనునకు ఇంట గొప్ప విపత్తు సంభవించెను. భార్య ప్రసవమున మరణించెను. కొన్నినెలలకు తల్లియు పోయెను. ఐనను నగరపుపని విడువలేదు. 1876 జూనులో పార్లమెంటు సభ్యుడై మేయరు పదవి విడిచెను. ఆ పిమ్మటి జీవితము వేఱొక కథ. వలసరాజ్యముల మంత్రియై, దక్షిణాఫ్రికా యుద్ధమునకు బాధ్యుడై, సామ్రాజ్యవాదిగా పేరొందెను. ఊరిలో పేదకు నీరిచ్చినవాడు పరదేశమున నాయుధము పట్టించినవాడును గావచ్చును. ఒకదానిచే మరియొకటి మాసిపోదు.

మనకును ఆ కాలమునకును చిన్న సంబంధము గలదు. 1880లో నధికారమునకు వచ్చిన లిబరలు ప్రభుత్వమున చేంబర్లేన్ మంత్రి. ఆ ప్రభుత్వమే రిప్పన్ ప్రభువును మనదేశమునకు గవర్నరు జనరలుగా పంపెను. రిప్పన్ 1882 మే 18వ తేదీన స్థానికస్వపరిపాలనను గూర్చి తీర్మానము వెలువరించెను. దాని ననుసరించి 1884లో చెన్నరాష్ట్రమున జిల్లా పురపాలక సంఘముల చట్టమును, స్థానిక బోర్డుల చట్టమును వెలసెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు బారిస్టరు గాకమునుపు రాజమహేంద్రవరమున పురపాలక సంఘాధ్యక్షులైనది ఆ చట్టము క్రిందనే. అధికారమైతే వచ్చెను గాని, బర్మింగుహామువలె లక్షల పౌనులు అప్పు తెచ్చి గ్యాసు కొను శక్తి మన సంఘములకు లేదు. కలెక్టరు కన్నుసన్నలలో, కొలదిపాటి పన్నులతో, వీధిదీపము వెలిగించుటయే గగనమయ్యెను.

బర్మింగుహామున చేంబర్లేన్ నాటిన చెట్టు అరువది డెబ్బదియేండ్లు ఫలించెను. 1889లో దానికి నగరహోదా లభించెను. బావులును చుట్టుపట్ల నదులును చాలక, 1892 చట్టముచే వేల్సు కొండలలోని ఎలాన్ లోయలో ఆనకట్టలు కట్టి, డెబ్బదిమూడు మైళ్ల దూరము కాలువయు గొట్టములును వేసి 1904లో నీరు తెచ్చిరి. యంత్రములు లేక కేవలము వాలుచేతనే ఆ నీరు నగరము చేరును. ఆ లోయలో నొక గుడి, ఒక బడి, కొన్ని కమతములు నీట మునిగెను. నూరుమంది ప్రజలు లేచిపోయిరి. పరిహారము భూస్వాములకే గాని కౌలుదారులకును కూలివారికిని రాలేదు. శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్లు విడిచినవారికి నేను దీనిని వివరింపనక్కరలేదు.

పిమ్మట కాలము తిరిగెను. 1949లో గ్యాసు జాతీయముగావింపబడి నగరము చేయి దాటెను. 1974లో నీటిసరఫరాయు ప్రాంతీయ సంస్థకు పోయి, 1989లో ప్రైవేటు కంపెనీ పాలయ్యెను. చేంబర్లేన్ ఏ కంపెనీలనుండి ఊరికి కొనిపెట్టెనో, ఆ నీరు మరల కంపెనీ చేతికే చేరినదన్నమాట. లాభములిచ్చు ఆస్తులు పోయెను. ఖర్చు పెట్టవలసిన బాధ్యతలు మిగిలెను. 2023 సెప్టెంబరులో బర్మింగుహాము కౌన్సిలు తన రాబడితో వ్యయము భరింపజాలనని చట్టరీత్యా ప్రకటించెను. స్త్రీ ఉద్యోగులకు సమానవేతనము క్రింద చెల్లింపవలసిన బాకీలు, లెక్కల కొఱకు పెట్టిన కంప్యూటరు వ్యవస్థ విఫలమగుట, పైనుండి వచ్చు సొమ్ము యేండ్ల తరబడి తగ్గుట, ఇవన్నియు దానికి కారణములుగా చెప్పబడినవి. ఏవి యెంతపాలో యా యూరివారే యింకను వాదులాడుకొనుచున్నారు. ఐనను ఆనాడు తెచ్చిన ఎలాన్ లోయ నీరు ఇప్పుడును వాలు వెంబడి యా నగరమునకు దిగుచునే యున్నది.