జోడీ కుదరని ఆరు అక్షరాలు

2021 డిసెంబరు 16, తెల్లవారుజాము. శంషాబాద్ ఎయిర్‌పోర్టు. లండన్ విమానం దిగి వచ్చి కుర్చీలో కూలబడ్డారు మీరు. ముక్కులో పుల్ల తిప్పిన మంట ఇంకా తగ్గలేదు. రిజల్ట్ వచ్చేదాకా బయటికి వదలరు. నిన్ననే రాష్ట్రంలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ తొలి కేసులు ప్రకటించారు, ఇక్కడ దిగినవాళ్లవే.

"ఇంకెంతసేపు పడ్తదన్నా?" పక్క కుర్చీలో ఆయన అడిగాడు.

"మిషన్ల పెట్టినం సార్. కూసోండ్రి."

ఆ మిషన్‌లోకే పోదాం. చిటికెన వేలి కొసంత గొట్టం, అడుగున చుక్క ద్రవం. వైరస్‌ది ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చూసి ఎంజైము పక్కనే డీఎన్‌ఏ పోగు అల్లేసింది. వేడి 95 డిగ్రీలకు ఎక్కింది. జంట విడిపోయింది. 60కి దిగగానే ఇరవై అక్షరాలుండే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ప్రైమర్లు, తమ జోడీని వెతుక్కుంటున్నాయి. ఏకి టీ, జీకి సీ. మొదటి జతకు రెండు టిచ్ బటన్లు (హైడ్రోజన్ బంధాలు), రెండోదానికి మూడు.

బడిలో ఇంతవరకే చెప్పి వదిలేస్తారు, నాకదే నచ్చదు. జంటను గట్టిగా నిలబెట్టేది దొంతర. జతపడ్డ అక్షరాలు పళ్లెంలో దోసెల్లా ఒకదాని మీదొకటి ఒత్తుకుని, నడుమ నీటికి చోటివ్వవు. రెండు పోగుల వెన్నులూ రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, గొట్టంలోని మెగ్నీషియం ఆ తగవు చల్లారుస్తుంది. విడతకోసారి రెట్టింపైతే, 30 విడతలకు ఒక్క పోగు 107 కోట్లు.

తెర మీద ఒక శాంపిల్‌కు మూడు గీతలు, వైరస్‌లో వెతికే ఒక్కో జన్యువుకు ఒక్కోటి. రెండు కొండెక్కాయి. మూడోది నేల వదలడం లేదు.

"ఎస్ లేస్తలేదు," అంది ల్యాబ్ అమ్మాయి, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

మిషన్‌ది తప్పు కాదు. ఆ తొలి ఒమిక్రాన్ రకం ఎస్ జన్యువులో 69, 70వ మూడక్షరాల గుంపుల దగ్గర ఆరు అక్షరాలు ఊడిపోయాయి. ఈ రకం కిట్లలో వెలుగు చిమ్మాల్సిన ప్రోబ్ సరిగ్గా అక్కడే అతుక్కోవాలి. దొంతర నడుమ తెగితే ఆ వేడికి ఆగదు, జారిపోతుంది. ఆల్ఫా రకంలోనూ ఇదే ఖాళీ ఉండేది కనుక, ఖాయం చేసుకోవడానికి శాంపిల్ జన్యుక్రమం చదివే ల్యాబుకు పోవాల్సిందే.

మీ ఫోన్ మోగింది. నెగెటివ్. మీ గొట్టంలో ప్రైమర్లకు వైరస్ పోగు తగల్లేదు. బయట చలి, పుష్పక్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పక్క కుర్చీ ఆయన్ని ఇంకా పిలవలేదు.