పీటర్ తంగరాజ్

పీటర్ తంగరాజ్ (24 డిసెంబరు 1935 – 24 నవంబరు 2008) హైదరాబాద్‌లో పుట్టిన ఫుట్‌బాల్ గోల్‌కీపర్. 1950ల నడుమ నుంచి 1960ల చివరి దాకా భారత గోల్‌పోస్టు దగ్గర ఎక్కువగా కనిపించిన మనిషి. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1958, 1962, 1966 ఆసియా క్రీడలకు వెళ్లాడు. 1962లో జకార్తాలో బంగారు పతకం గెలిచాడు. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యాడు. అర్జున పురస్కారం 1967లో వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ల నోట కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు, తరువాత ఆటగాళ్లు బలరాం, హబీబ్, నయీముద్దీన్ పేర్లు వస్తాయి. తంగరాజ్ వంతు ఆ తరువాతే. అందుకు సగం కారణం అతను ఆడిన స్థానం. మిగతా సగం, అతని జీవితమంతా ఊరికి దూరంగా గడవడం.

కంటోన్మెంట్ కుర్రాడు

బాలానగర్ నుంచి తూర్పుగా బోయిన్‌పల్లి దాటితే కంటోన్మెంట్ మొదలవుతుంది. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ అన్నీ అక్కడే. బ్రిటిష్ పల్టన్లు వదిలివెళ్లిన మైదానాలు, వాటి చుట్టూ పెరిగిన చిన్న చిన్న క్లబ్బులు ఆ ప్రాంతానికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టించాయి. తులసీదాస్ బలరాం అమ్ముగూడ వాడు. తంగరాజ్ ఆట కూడా సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లోనే మొదలైంది.

అప్పట్లో నగరంలో ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చిన జట్టు అది. దాని వెనక ఉన్నది రహీం. బాగా ఆడే కుర్రాడికి పోలీసు ఉద్యోగం, ఉద్యోగంతో పాటు జట్టులో చోటు దొరికేవి. తంగరాజ్ ఆ దారిన వెళ్లలేదు. 1953లో సైన్యంలో చేరి, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లిపోయాడు.

అక్కడ అతను మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. గోల్స్ కొట్టాల్సినవాడు గోల్స్ ఆపేవాడిగా మారింది ఆ జట్టులోనే. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు ఉన్న మనిషిని కోచ్‌లు గోల్ ముందు నిలబెట్టాలనుకోవడంలో వింత లేదు. అయితే ఫార్వర్డ్‌గా ఆడినవాడికి ఇంకో లాభం ఉంటుంది. కొట్టేవాడు ఏ అడుగు వేశాక కొడతాడో అతనికి ముందే తెలుస్తుంది.

మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ అప్పటికే దేశంలోకెల్లా పాత టోర్నీ. అందులో పేరు తెచ్చుకున్న సైనికుడు సెలెక్టర్ల కంట పడకుండా ఉండడు. 1955లో ఢాకాలో జరిగిన నాలుగు దేశాల టోర్నీలో తంగరాజ్ భారత జట్టుకు తొలిసారి ఆడాడు. 1960లో సర్వీసెస్ జట్టుకు కెప్టెన్‌గా సంతోష్ ట్రోఫీ గెలిపించాడు. 

రోమ్, 1960

1952 హెల్సింకిలో భారత జట్టులో చాలామంది ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ తరువాతే మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరయ్యాయి. తంగరాజ్ ఆ మార్పు తరువాతి తరం.

1956 మెల్‌బోర్న్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల తరువాత రోమ్‌లో మాత్రం గ్రూపు దాటలేదు. అయినా రోమ్ స్కోర్లు ఇంకోసారి చూడాల్సినవి. హంగరీ చేతిలో ఓటమి 2-1తోనే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ చేతిలో 3-1తో ఓటమి. ఆ హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, ఏడేళ్లకు యూరప్ ఉత్తమ ఆటగాడైన ఆల్బర్ట్. గోల్స్ మోత మోగుతుందనుకున్న మ్యాచ్‌లో రెండే పడ్డాయి. చివర్లో బలరాం ఒకటి తిరిగి కొట్టాడు.

అదే హంగరీని సెమీఫైనల్లో డెన్మార్క్ 2-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో డేనిష్ గోల్‌కీపర్ హెన్రీ ఫ్రామ్ పెనాల్టీ ఆపాడు. పెనాల్టీకి ముందు నోట్లోని చూయింగ్ గమ్ తీసి గోల్‌పోస్టుకు అంటించాడని డెన్మార్క్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఒక్క ముచ్చటతో ఫ్రామ్ తన దేశంలో చిరంజీవి అయ్యాడు. మన తంగరాజ్ మీద అలాంటి కథ ఒక్కటి కూడా జనం నోట పడలేదు.

జకార్తా ఫైనల్

1962 ఆగస్టులో జకార్తా చేరిన భారత జట్టుకు తొలి మ్యాచ్‌లోనే దెబ్బ తగిలింది. దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచి ఫైనల్ చేరింది. ఫైనల్లో ఎదురైంది మళ్లీ కొరియానే.

అప్పటికి జట్టు సగం ఆసుపత్రిలా ఉంది. థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను జట్టు కోచ్ రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. త్రిలోక్ సింగ్‌కు కాలి గాయం. తంగరాజ్‌కు ఫ్లూ జ్వరం. అతను లేని మ్యాచ్‌ల్లో ప్రద్యుత్ బర్మన్ గోల్ కాశాడు, బాగానే కాశాడు. గెలుస్తున్న జట్టులో గోల్‌కీపర్‌ను మార్చడానికి ఏ కోచ్‌కూ చేయి ఆడదు. పైగా ఆట మధ్యలో మనిషిని మార్చుకునే రోజులు కావవి. ప్రపంచకప్‌లోనే సబ్‌స్టిట్యూట్ వచ్చింది 1970లో. జ్వరం మనిషి సగంలో కూలబడితే అంతే సంగతులు.

అన్నీ తెలిసే రహీం ఫైనల్‌కు తంగరాజ్‌నే దించాడు. కొరియా వాళ్లు బంతిని గాల్లో లేపి తలలతో ఆడే రకం. వాళ్లకు ఎదురు నిలవాలంటే ఎత్తూ కావాలి, ఇలాంటి మ్యాచ్‌లు చూసిన అనుభవమూ కావాలి. జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపడం గొప్ప ఎత్తుగడ అని అందరూ రాస్తారు. నా లెక్కలో ఆ రోజు రహీం తీసుకున్న నిర్ణయాల్లో అంతకన్నా తెగువ ఉన్నది ఇదే.

స్టేడియంలో లక్ష మంది దాకా జనం, దాదాపు అంతా భారత్‌కు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా ఆ క్రీడలకు రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలనకూడదని భారత ప్రతినిధి గురుదత్ సోంధి అన్నాడు. దాంతో జకార్తాలో మన రాయబార కార్యాలయం మీదే దాడి జరిగింది. ఆ గోల మధ్య సెప్టెంబరు 4న ఆట మొదలైంది. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. ఆ పైన ఒక గంటకు పైగా కొరియాను సున్నా దగ్గరే ఆపారు. 85వ నిమిషంలో ఒక గోల్ పడింది, రెండోది పడలేదు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటికీ అదే చివరి బంగారం.

ఆ పదకొండు మందిలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ జంటనగరాల వాళ్లు. కోచ్ సంగతి సరేసరి. రహీం మరుసటి ఏడాది జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆయన కథతో 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది.

ఫుట్‌బాల్‌లో మొదటి ఏడు అర్జున పురస్కారాలు అందుకున్నవాళ్లు బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్. ఏడుగురూ జకార్తా ఫైనల్ ఆడినవాళ్లే. వరుసలో గోల్‌కీపర్ చిట్టచివర. ఆ తరువాత ఇంకో గోల్‌కీపర్‌కు, గోవా వాడైన బ్రహ్మానంద్ శంఖ్‌వాల్కర్‌కు, ఆ పురస్కారం రావడానికి 30 ఏళ్లు పట్టింది.

కలకత్తా, తరువాత

ఒకే నగరంలో ఉండీ ఒకరికొకరు శత్రువుల్లాంటి కలకత్తా క్లబ్బులు మూడు: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్. తంగరాజ్ మూడింటికీ ఆడాడు, సంతోష్ ట్రోఫీలో బెంగాల్‌కూ ఆడాడు. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో నిలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. ఆసియా ఆల్‌స్టార్ జట్టుకూ ఎంపికయ్యాడు. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ తొలి దశలోనే వెనుదిరిగింది. 1970ల ఆరంభంలో ఆట మానేశాడు.

అతని పేరు చెబితే పాతవాళ్లు రెండు సంగతులు తలుచుకుంటారు. ఒకటి, కార్నర్ బంతి కోసం గోల్ వదిలి బయటకొచ్చి జనం మధ్యలోంచి దాన్ని అందుకోవడం. రెండోది, చేతిలోంచి వదిలి కొట్టే దూరపు కిక్కు. అప్పట్లో తోటి ఆటగాడు వెనక్కి తన్నిన బంతిని కూడా గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవచ్చు, అలా పట్టి దూరంగా కొట్టవచ్చు. 1992లో ఆ నియమం మారింది.  

ఆట మానేశాక తంగరాజ్ కోచ్ అయ్యాడు. గోవాలో వాస్కో క్లబ్బుకు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి శిక్షణ ఇచ్చాడు. ఆపైన బొకారో ఉక్కు కర్మాగారానికి వెళ్లి, అక్కడి ఫుట్‌బాల్ అకాడమీని నడిపాడు. అక్కడే గుండెపోటుతో చనిపోయాడు.

గచ్చిబౌలి రోజులు

హైదరాబాద్‌కు పెద్ద ఫుట్‌బాల్ మళ్లీ వచ్చింది కంటోన్మెంట్ వైపు కాదు, ఐటీ కంపెనీల వైపు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియాన్ని సొంత మైదానం చేసుకుంది. 2020లో ఈ క్లబ్బులో చేరిన గోల్‌కీపర్ సుబ్రతా పాల్‌ది కూడా, తంగరాజ్ లాగే, డిసెంబరు 24 పుట్టినరోజే. అంతకుముందు 2014లో అతను డెన్మార్క్ క్లబ్బు వెస్ట్‌షెలాండ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. విదేశీ క్లబ్బులో చేరిన తొలి భారత గోల్‌కీపర్ అతనే అయినా, అక్కడి లీగ్‌లో ఆడే అవకాశం రాలేదు. హైదరాబాద్‌లోనూ ఎక్కువ కాలం లేడు, 2021 జనవరిలో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు.

హైదరాబాద్ పేరుతో గెలిచిన ఒకే ఒక్క ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గోల్‌కీపర్ చలవే. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది.