సంత మాటల పూర్వాశ్రమం

ఇంగ్లీషులో ‘బై’ అన్నా కొనడమే, ‘పర్చేజ్’ అన్నా కొనడమే. కానీ కూరగాయల దగ్గర నోట వచ్చేది మొదటిది, ఆఫీసు ఫైలుకెక్కేది రెండోది. ఈ తేడాకు మూలం 1066లో ఉంది. ఆ ఏడాది నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి పెత్తనం మొదలైంది. దేశీ మాట ‘బై’ ఇంట్లో, సంతలో నిలిచింది. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘పర్చేజ్’ దస్తావేజుల్లో కుదురుకుంది.

ఆ దొరగారి మాటకు మొదటి అర్థం వెంటపడి సంపాదించడం. వేటలో తరమడాన్ని చెప్పే ‘ఛేజ్’ దానికి తోబుట్టువు. అందుకే పాత ఇంగ్లీషు భూచట్టంలో వారసత్వంగా కాక దానంగా వచ్చిన పొలం కూడా ‘పర్చేజ్’ కిందికే వచ్చేది. పైసా చెల్లించనక్కర్లేదు!

‘సెల్’ కథ ఇంకా చిత్రం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాని అర్థం ‘ఇవ్వడం’. ఏనాటి రొట్టె ఆనాడు ప్రసాదించమని దేవుణ్ని వేడుకునే క్రైస్తవ ప్రార్థనను ఆ కాలంలో అనువదించినవారు వాడింది ఈ క్రియనే. పోనుపోను ఇవ్వడం కాస్తా డబ్బు పుచ్చుకుని ఇవ్వడమైంది.

‘చీప్’ అంటే అప్పట్లో బేరం, సంత. లండన్‌లోని చీప్‌సైడ్ వీధి అలాంటి అంగడే. మంచి బేరం అనే వాడుకలోంచి ‘మంచి’ జారిపోయి ‘చవక’ మిగిలింది. ఆ తర్వాత నాసిరకమన్న నింద కూడా మీద పడింది.

మార్పిడి మాటల్లోనూ అంతరాలున్నాయి. సరుకుకు సరుకిస్తే ‘బార్టర్’. ఆర్థికశాస్త్రంలో పెద్దమనిషిలా కనిపించే ఈ మాటకు మూలమైన ఫ్రెంచి క్రియకు మోసగించడమనే అర్థముంది. ఓడ కెప్టెన్ యజమానిని దగా చేస్తే సముద్ర చట్టం ‘బారట్రీ’ అంటుంది. అదీ ఈ కుటుంబానిదే. పిల్లలు స్టాంపులు మార్చుకుంటే ‘స్వాప్’. దాని తొలి అర్థం కొట్టడం. బేరం కుదిరిందని చేతిలో చెయ్యి చరిచే అలవాటే దానికి మార్పిడి అర్థం తెచ్చింది. ఇప్పుడు బ్యాంకులు పెద్ద పెద్ద వడ్డీ ఒప్పందాలకూ ఆ పేరే పెట్టుకున్నాయి.

‘ట్రేడ్’ మాత్రం ఓడరేవుల మాట. జర్మన్ తీరం నుంచి వచ్చినప్పుడు దాని అర్థం దారి, ఓడ సాగే మార్గం. ఒకే దారిన నడవడం వృత్తి అయింది, వృత్తి వ్యాపారమైంది. భూమధ్యరేఖ వైపు ఏడాది పొడవునా ఒకే వాలున వీచే ‘ట్రేడ్ విండ్స్’ పేరులో ఉన్నది ఆ పాత దారే, వర్తకం కాదు. తెలుగు భూగోళ పాఠాల్లో మాత్రం అవి ‘వ్యాపార పవనాలు’ అయిపోయాయి.