"క్యాన్"కూ ఒకప్పుడు "టు" ఉండేది

"టు గో" అనొచ్చు, "టు ఈట్" అనొచ్చు. "టు క్యాన్", "టు మే" అంటే మాత్రం ఏ ఇంగ్లీషు మాస్టారూ ఊరుకోరు. అయితే 16వ శతాబ్దంలో థామస్ మోర్ అంతటి పండితుడు "మే"కు పాత రూపమైన "మో" ముందు "టు" పెట్టి రాశాడు. అది చదివాక ఇన్ఫినిటివ్ అనే ఈ మూల క్రియారూపం పూర్వచరిత్ర తవ్వకుండా ఉండలేకపోయాను.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్‌కు "టు"తో పనే లేదు. "వ్రీతన్" అంటే రాయడం. చివరనున్న "అన్" చాలు, అదేమిటో తెలిసిపోయేది. "రాయడానికి" అని ప్రయోజనం చెప్పాల్సి వస్తేనే ముందు "టో" వచ్చేది. అప్పుడు క్రియ కూడా నామవాచకంలా విభక్తి తగిలించుకుని "టో వ్రీతన్నె" అయ్యేది. మన "రాయడానికి"లోని "కి" చేసే పనిని అక్కడ ముందొక మాట, వెనకొక ప్రత్యయం కలిసి చేసేవి. ఎంత ముచ్చటైన ఏర్పాటు!

1066లో నార్మన్లు వచ్చాక కొన్ని శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు నోళ్లలో నలిగి, "ఎన్" అయి, "ఎ" అయి, చివరికి రాలిపోయాయి. మిగిలిన "టు" అన్నిచోట్లా చేరిపోయి, ప్రయోజనార్థాన్ని పోగొట్టుకుంది. ఆ లోటు తీర్చడానికి జనం దాని ముందు "ఫర్" చేర్చారు. 1400లో కన్నుమూసిన చాసర్ కవిత్వంలో "ఫర్ టు" కొల్లలు. ప్రామాణిక భాష దాన్ని వదిలేసినా బెల్‌ఫాస్ట్ వాడుకలో ఇప్పటికీ వినిపిస్తుంది.

"క్యాన్", "మే", "షల్" లాంటివి మోర్ తర్వాత ఇన్ఫినిటివ్‌కు దూరమై, సహాయక క్రియలుగా మిగిలిపోయాయి. అసలైన నష్టం ఇదేనని నా నమ్మకం. ఇప్పుడు "టు బి ఏబుల్ టు" అని చుట్టు తిరిగి రావాలి. స్కాట్లండ్ సరిహద్దు ఊరు హావిక్‌లో మాత్రం "విల్" తర్వాత "క్యాన్" పలికే అలవాటు ఇటీవలి దాకా వినిపించింది.

ఈ నష్టానికి పండితులెవరూ బెంగపడలేదు. వాళ్ల కోపమంతా "టు"కూ క్రియకూ మధ్య దూరిన క్రియావిశేషణం మీదే. 1864లో కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్‌ఫర్డ్ అది ఇంగ్లీషు వాళ్ల పద్ధతే కాదన్నాడు. నిజానికి 14వ శతాబ్దపు మతసంస్కర్త విక్లిఫ్ రచనల్లోనే అది ఉంది. 1871లో అమెరికాతో వాషింగ్టన్ ఒప్పందం కుదిరేటప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం చాలా షరతులకు తలొగ్గింది గానీ, "టు"కూ క్రియకూ మధ్య మరో మాట దూరడానికి మాత్రం ససేమిరా అందని చెబుతారు.