బెలూన్ సైనుప్లాస్టీ: కోలుకునే దశ
దీర్ఘకాలిక సైనసైటిస్‌లో మూసుకుపోయిన సైనస్ ద్వారాలను చిన్న బెలూన్‌తో వెడల్పు చేసే ఈ పద్ధతి అమెరికాలో 2005లో వాడుకలోకి వచ్చింది. ఎముకను కోసి తీయరు కాబట్టి చాలామంది రెండు మూడు రోజుల్లోనే పనుల్లో పడతారు. ముక్కు తేలికపడటానికి మాత్రం ఓపిక కావాలి. వాపు తగ్గేదాకా జలుబు చేసినట్టే బిగేసి ఉంటుంది, చీమిడిలో నెత్తుటి చారలు కనిపిస్తాయి. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్మును ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. అసలు మేలు చేసేది ఉప్పునీటితో కడగడమే: వాష్‌బేసిన్ మీదికి వంగి, నోటితో గాలి పీలుస్తూ, ఒక ముక్కురంధ్రంలో పోసిన నీరు రెండోదాని నుంచి బయటికి రానివ్వాలి. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. మెదడును దెబ్బతీసే నెగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా, అరుదుగానైనా, ముక్కు దారినే లోపలికి పోతుంది. రక్తం ఆగకపోయినా, చూపు మసకబారినా, వంగినప్పుడు ఒక పక్కనుంచి నీళ్లలా కారినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరును చూడాలి.